అక్కడక్కడా జల్లులు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక్కటే టీవీ ఉండేది. పిట్టల మీద పరిశోధనకు వచ్చిన ఒక దొరసాని, వెళ్తూ వెళ్తూ దాన్ని తానున్న బంగళాలో వదిలేసింది. డిష్ ఎటు తిప్పినా బ్రిటన్ ఛానళ్ళే వచ్చేవి. దొరసాని పెంపకంలో పెరిగిన చిలకమ్మకు తప్ప ఆ భాష ఎవరికీ రాదు. ఆవిడ చెప్పిందే వేదం.

ఇళ్ళల్లోనే టీవీ దగ్గర నలుగురూ నాలుగు మాటలంటారు, ఇక అడవి సంగతి చెప్పాలా! అందుకని సింహంగారు ఒక కమిటీ వేశారు. ఆదివారం ఆదివారం కూర్చుని, ఈ వారం ఏం చూడాలో తేల్చడం దాని పని. అధ్యక్షులు తామే. కార్యదర్శి నక్క.

ఆ వేసవి మడుగు అడుగంటింది. అయినా కమిటీ కూర్చుంది.

"కేకుల పోటీ ఉంది," అంది చిలకమ్మ. "తోటపని ఉంది. ఒక పల్లెటూళ్ళో హత్య ఉంది. పాపం, ఆ ఊళ్ళో వారం వారం ఎవరో ఒకరు పోతారు."

"కేకులే పెట్టండి," అంది ఎలుగుబంటి. "తేనె వేస్తారేమో!"

"జింకల వేట లేదూ?" అంది చిరుత.

"ఉంటే నువ్వొక్కడివే చూసుకో బాబాయ్," అంది జింక, నాలుగడుగులు వెనక్కి వేసి.

అప్పుడు ఏనుగమ్మ ముందుకొచ్చింది. వెనకే బిడ్డ, తల్లి తోక పట్టుకుని.

"అయ్యా, ఈ వారం టీవీ మానేద్దాం. సాయంత్రాలు అందరం కలిసి వాగులో చెలమ తవ్వుదాం. ఇసక కింద నీళ్ళుంటాయి. మా అమ్మమ్మ చూపించిన చోటు నాకు గుర్తుంది. మడుగులో తొండం పెడితే నా బిడ్డకు బురద తప్ప రావట్లేదు. నేనొక్కదాన్నే తవ్వితే ఇసక జారిపోతోంది."

సింహంగారు నక్క వైపు చూశారు. నక్క ఆయన చెవిలో ఊదింది. "ప్రభూ, చెలమ తవ్వితే నీళ్ళు లేవని మనమే ఒప్పుకున్నట్టు. పైగా మొదటి గుప్పెడు ఇసక మిమ్మల్నే తీయమంటారు."

తర్వాత గొంతు పెంచింది. "చిలకమ్మా, వాతావరణం గురించి చెప్పేది ఏదో వస్తుందే?"

"అదా! రోజూ వస్తుంది. రోజూ ఒకటే చెప్తారు. వాన."

"ఈ వారమంతా అదే!" అన్నారు సింహంగారు.

సాయంత్రం తెరమీద నల్లటి మబ్బులు. వాటి ముందు కోటు వేసుకున్న ఒకాయన.

"రేపు అక్కడక్కడా జల్లులు," అంది చిలకమ్మ.

కప్పలు అందుకున్నాయి. నెమలి పురి విప్పింది. నక్క మొద్దెక్కింది. "వాన తెప్పిస్తున్నది ఎవరు?"

"సింహంగారు!"

మర్నాడు చుక్క పడలేదు. ఆ సాయంత్రమూ తెరమీద అదే మాట, తెల్లారితే అదే ఎండ.

"ఏదయ్యా కార్యదర్శీ, వాన?" అంది ఏనుగమ్మ.

"అక్కడక్కడా అన్నారు కదా వదినా. గుట్ట అవతల పడి ఉంటుంది."

"రోజూ అక్కడా, అక్కడా అంటారే గానీ, ఇక్కడ అనరేం?"

"నీకు వ్యాకరణం రాదు. రెండు అక్కడల మధ్య ఉండేదే ఇక్కడ!"

ఎంత చదువు, ఎంత చదువు అని అందరూ చప్పట్లు కొట్టారు. ఏనుగమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒంటరిగా వాగుకు పోయింది. తవ్వినంత సేపు పట్టలేదు, గుంట పూడిపోవడానికి. బిడ్డ గట్టు మీద పడుకునే ఉంది, లేవలేదు.

గురువారం తెరమీద ఆయన కోటు విప్పేశాడు. మొహం వెలిగిపోతోంది. చిలకమ్మ నసుగుతూ చెప్పింది.

"రేపు చాలా మంచి రోజట. మబ్బన్నదే ఉండదట. ఎండ కాస్తుందట. అందరూ సంతోషించండి అంటున్నాడు."

"ఎండకి సంతోషమేమిటే? సరిగ్గా విను!" అంది కప్ప.

"పచ్చికలో కాళ్ళు చాపుకుని పడుకోమంటున్నాడు తల్లీ, నన్నేం చెయ్యమంటావు?"

"మన వాన ఎవరు ఆపారు?" అని ఎలుగుబంటి లేచింది.

"తెప్పించింది సింహంగారైతే, ఆపిందీ ఆయనే!" అంది నెమలి. నాలుగు రోజులుగా ఆడి ఆడి దానికి కాళ్ళు వాచాయి. అడవిపందులు కోరలు ఎత్తాయి.

సింహంగారి జూలు వాలిపోయింది. "నాకేం తెలుసు? వాన వ్యవహారమంతా కార్యదర్శిది!"

"అన్యాయం ప్రభూ! అది బ్రిటన్ వాన!" అంది నక్క. అని నాలిక కరుచుకుంది.

"అంటే ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ వాన చూసి ఆడానా?" అని నెమలి దాన్ని పొడవబోయింది.

ఏనుగమ్మ అడ్డం వచ్చింది. "తర్వాత పొడుద్దువు గానీ. బిడ్డ కళ్ళు తెరవట్లేదమ్మా. ముందు తవ్వండి."

అందరూ వాగుకు పరిగెత్తారు. నక్కను గుంటలోకి దింపారు, తేలికగా ఉంటుంది, ఇసక జారదు అని. అది గీరుతుంటే పందులు ఇసకను ఎగదోశాయి, ఎలుగుబంటి అంచులకు అడ్డం కూర్చుంది. చీకటి పడకముందే నక్క కాళ్ళ కింద చల్లగా తగిలింది.

ఏనుగమ్మ తొండంతో నీళ్ళు తీసి బిడ్డ నోట్లో పోసింది. రెండోసారికి బిడ్డ చెవులాడించింది. మూడోసారికి లేచి తల్లిని నెట్టేసి తానే తాగింది. తల్లి ఆకాశం వైపు తొండమెత్తి, దేవుడికీ అమ్మమ్మకూ కలిపి ఒకే నమస్కారం పెట్టింది.

మర్నాడు ఉదయానికి చెలమ పక్కన ఒక రాయి లేచింది. 'ఈ నీరు సింహంగారి దయ' అని దాని మీద రాయించారు. రాసింది నక్కే, చెవుల్లోంచి ఇసక దులుపుకుంటూ.

నీతి: వానను తన ఖాతాలో వేసుకోదలచిన ప్రభువు, ఎండ కోసం ఒక కార్యదర్శిని ముందే ఉంచుకోవాలి.