గంగ చేను

నా భార్య కమలాక్షమ్మను ఒక టీవీ సీరియల్ మోసం చేసింది. ఇది తేలిపోయిన విషయం. దీనిమీద చర్చ లేదు.

ఆమె పోయాక కూడా సీరియల్ నడిచింది. ఆమె పోయినందుకు మా వీధి ఒక పూట ఏడ్చింది. సీరియల్‌లో గంగకు కష్టం వచ్చినందుకు ఏళ్ల తరబడి ఏడ్చింది. తప్పు పట్టడం లేదు. ఎవరికి ఎంత ఏడుపు కేటాయించాలో ఆళ్లగడ్డ ప్రజలకు బాగా తెలుసు.

సీరియల్ పేరు 'గడప దాటిన గంగ'. తొంభైల చివర్లో, షబ్బీర్ మా వీధికి కేబుల్ లాగిన కొత్తలో మొదలైంది. మొదటి వారం బాగుంది. నేను మాట వరసకు ఎవరినీ మెచ్చుకునే మనిషిని కాను. కాబట్టి బాగుందంటే బాగున్నట్టే. నల్లరేగడి చేను చూపించారు. గంగ అనే ఆడమనిషి చేతులకు మట్టితో, చెదిరిన జుట్టుతో పుట్టింటికి వచ్చి, అన్న ముందు నిలబడి ఒకే మాట అడిగింది. "నాయన నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఎప్పుడు రాసిస్తావు?" అన్న తలుపు వేశాడు. చేను దక్కేదాకా ఈ గడప తొక్కనని చెప్పి గంగ మెట్లు దిగిపోయింది.

మా వీధిలో ఆ పూట ఎవరూ అన్నాలు తినలేదు. కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి టీవీకి తగిలించారు. కేబుల్ ఒకసారి మధ్యలో పోతే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని షబ్బీర్ ఇంటిమీదికి పోయారు. తాగేనీళ్లు వారం రాకపోయినా మున్సిపల్ ఆఫీసు మీదికి పోని వాళ్లు. అంత చైతన్యం తెచ్చింది ఆ సీరియల్.

కమలాక్షమ్మ మాత్రం ఏడవలేదు. తన పీట టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంది. "అడిగినాది సూడు," అంది. "మొగం మీదనే అడిగినాది."

ఎందుకన్నదో చెప్పాలి. ఆమెది కోయిలకుంట్ల దగ్గర పల్లె. మా పెళ్లిలో ఆమె తండ్రి నలుగురి ముందు ఒక చేను పసుపు కుంకుమ కింద ఇస్తున్నానని నోటితో చెప్పాడు. నోటితో చెప్పిందే గట్టి అని నమ్మే కాలం మనిషి. రాయకుండానే పోయాడు. ఆ చేను ఆమె తమ్ముడు వెంకటేశ్వర్లు చేసుకుంటున్నాడు. మొదట్లో అక్కకు ఏటా శనగల మూట ట్రాక్టర్ మీద తెచ్చి, భోంచేసి, కాళ్లకు మొక్కి పోయేవాడు. తర్వాత అర మూట బస్సు టాపు మీద వచ్చింది. ఆ తర్వాత ఒక చేటెడు. ఆ తర్వాత బస్టాండులో కనిపించిన వాళ్లతో, "అక్కను అడిగినానని చెప్పండప్పా" అని ఒక మాట. ఘనంగా మొదలై పలచబడే విద్య టీవీవాళ్లు ఎక్కడో నేర్చుకోనక్కర్లేదు. మా బామ్మర్ది దగ్గర నేర్చుకున్నా సరిపోయేది.

నేను అడుగుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు అడిగితే నాకు పుట్టిల్లుండదు. నోరు మూసుకోని కూచో." ఆమె అడగదు, నన్ను అడగనివ్వదు. గంగ అడిగింది. అందుకని గంగకు చేను వస్తుందా రాదా అన్నది ఆమెకు కాలక్షేపం కాదు.

నేను బేతంచెర్ల బండల వ్యాపారిని. ఇల్లు కట్టుకునేవాడు యార్డుకు వస్తే ముందు నమూనా బండ చూపిస్తాము. అద్దంలా మెరుస్తుంది. లారీలో అదే సరుకు దింపాలి. నమూనా ఒకటి చూపి సరుకు వేరేది దింపినవాణ్ణి చెప్పు తీసుకుని కొడతారు. టీవీలో అయితే శాలువా కప్పుతారు.

రెండో నెలకల్లా చేను మాయమైంది. కథ మెట్లున్న పెద్ద బంగళాలోకి మారింది. గంగ అత్తకు మతి పోయింది. తర్వాత తిరిగి వచ్చింది గానీ, వచ్చింది వేరే మతి. గంగ భర్త వాగులో కొట్టుకుపోయి, వేరే మొహంతో ఒడ్డుకు చేరాడు. ఇక నుంచి ఈయనే ఆయన అని కింద అక్షరాలు వేశారు. ఊరంతా ఒప్పుకుంది. విషం కలిపిన కాఫీ ఒకటి వంటింట్లో బయలుదేరి హాలు చేరేసరికి రెండు వారాలు పట్టింది. మా ఆళ్లగడ్డ ప్యాసింజర్ బస్సు కూడా అంత ఆలస్యం చేయదు. చివరికి ఆ కాఫీ ఒలికిపోయింది. ఒక నాగుపాము వచ్చి ఎవరినీ కరవకుండా ఆర్నెల్లు ఉండి పోయింది. దానికి రోజుకూలీ ఇచ్చారో నెలజీతం ఇచ్చారో తెలియదు.

"ఆయమ్మ చేతులు జూడు," అంది కమలాక్షమ్మ ఒకరోజు. గంగ గోళ్లకు రంగు, వేళ్లకు ఉంగరాలు. మట్టి కడిగేశారు.

"ఇంగ మానెయ్," అన్నాను. "వాళ్లకే గుర్తులేదు ఆ చేను."

"వాళ్లకు లేకపోతే నాకుంది."

పక్కింటి మాబున్నీ రోజూ మా ఇంటికొచ్చి ఆమె పక్కన కూర్చునేది. షబ్బీర్ తల్లి. సొంతంగా కేబుల్ కంపెనీ ఉన్న ఇల్లు వదిలి మా ఇంట్లో చూసేది. "అక్కా, ఇదేం కథ? పొద్దున కలిపిన దోసె పిండికి సాయంత్రానికి నీళ్లు పోసినట్టుంది," అనేది. అని మరుసటి రోజు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది. ఇలాంటి విమర్శకులు ఉన్నంతకాలం ఏ కళకూ ప్రమాదం లేదు.

కమలాక్షమ్మ జబ్బుపడింది. నంద్యాలలో ఒక ఆస్పత్రిలో చేర్చాను. వార్డులో గోడకు టీవీ ఉంది. అదే సమయంలో సీరియల్‌లో గంగ కూడా ఆస్పత్రిలో ఉంది. గంగకు స్పృహ లేదు. నా భార్యకు ఉంది. చూడవచ్చిన బంధువులందరూ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, తల పైకెత్తి, గంగ పరిస్థితి ఎట్లా ఉందని నన్నే అడిగారు. నర్సు ఇంజక్షన్ సూది పట్టుకుని ప్రకటనలు వచ్చేదాకా నిలబడింది.

"గంగ చేను మాట వచ్చినాదా?" అని అడిగింది కమలాక్షమ్మ. ఆమెకు కళ్లు సరిగా ఆనడం లేదు అప్పటికి.

"రాలేదు."

"వస్తాది. మొదుట్లో అంత గట్టిగా అడిగినాది. ఊరికే ఇడుస్తాదా?"

గంగకు స్పృహ వచ్చింది. కమలాక్షమ్మ పోయింది.

పెద్దదినం నాడు మిద్దె మీద విస్తరి వేశాము. మా వైపు పోయినవాళ్లు కాకి రూపంలో వస్తారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. బంధువులు ఒక్కొక్కరూ నీకిది చేస్తాము, అది చేస్తాము అని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట దొరికినప్పుడు కాకి దిగుతుంది. ఇది నేను చెప్పేది కాదు. మా పల్లెల్లో ఎవరినైనా అడగండి.

కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. విస్తరి ముట్టలేదు.

"ఆమె మనసులో ఏదో ఉంది నాయనా. పుట్టింటివాళ్లు మాటియ్యండి," అన్నాడు కర్మ చేయించే అయ్యవారు.

వెంకటేశ్వర్లు చేతులు జోడించి ముందుకు వచ్చాడు. "అక్కా, నీ ఫొటో పెద్దది కట్టించి నట్టింట్లో పెడతా."

కాకి ముక్కు గోడకు రుద్దుకుంది.

"అక్కా, నీ పేరు మీద అహోబిలంలో అన్నదానం జేపిస్తా."

కాకి తల ఒకవైపు వంచి వాణ్ణి ఒంటికంటితో చూసింది.

"నీ మనవరాలి పెండ్లికి నేనే ముందుంటా!"

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి వాడికి గుర్తుకు రాలేదు. కాకికి తెలిసినట్టే ఉంది, ఇంకొంచెం వెనక్కి జరిగింది.

ఏ మాట ఇవ్వాలో మిద్దె మీద ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అందరూ వెంకటేశ్వర్లు మొహం చూశారు. వాడు భుజం మీది టవలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

అప్పుడు పక్క మిద్దె మీంచి మాబున్నీ అంది. "గంగకు చేను వస్తాదో రాదో తెలుసుకోకుండానే పాయ గదన్నా. అదేమన్నా అడుగుతాందేమో."

వెంకటేశ్వర్లు మొహంలోకి రక్తం వచ్చింది. అంత తేలిగ్గా బయటపడతానని వాడు అనుకోలేదు. గొంతు ఎత్తి కోయిలకుంట్లకు వినిపించేలా అరిచాడు. "అక్కా! గంగ కథ కడదాంక నేను జూస్తా, బావా జూస్తాడు! ఆ చేను ఏమైందో ఇదే మిద్దె మీదికొచ్చి నీకు జెప్తాం! ఇది నా మాట!"

కాకి దిగి వడ ఎత్తుకుపోయింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అక్క చివరి కోరిక తీర్చిన తమ్ముడని వెంకటేశ్వర్లును అక్కడే మెచ్చుకున్నారు.

ఆ విధంగా నేను సీరియల్ చూడవలసి వచ్చింది. ఆమె పీట పక్కన కూర్చుని చూశాను. పదేళ్లు గడిచాయని ఒక రాత్రి తెర మీద రాశారు. గంగకు ఎదిగిన కూతురు ఉంది. గంగ తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. కూతురుగా వేసిన పిల్ల గంగ కంటే పెద్దదిగా కనిపించింది. రోజూ చేను కోసం కనిపెట్టుకుని కూర్చున్నాను. ఒకసారి కూరగాయల బండి వచ్చింది. వ్యవసాయానికి సంబంధించి అంతే.

వెంకటేశ్వర్లు మాత్రం సీరియల్‌తో పాటు ఎదిగాడు. అక్క కోసం చూస్తున్నాడన్న పేరు పాకింది. ప్రేక్షకుల సంఘం పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. నంద్యాలలో ఒక కళ్యాణ మండపంలో సీరియల్ దర్శకుడికి సన్మానం చేయించాడు. గంగ కట్టిన చీరలాంటి చీరలు కట్టుకుని శిరివెళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో వచ్చారు.

దర్శకుడు మాట్లాడాడు. "సోదరీమణులారా! ముగింపు ఉన్నది చిన్న కథ. ముగింపు లేనిది జీవితం. మేము మీకు జీవితాన్ని ఇస్తున్నాము. ఆదివారం మాత్రం సెలవు."

చప్పట్లు కొట్టారు.

వెంకటేశ్వర్లు మాట్లాడాడు. "ఆడబిడ్డ కంట నీళ్లు పెడితే ఆ ఇంట్లో దీపం నిలబడదని ఈ సీరియల్ మనకు నేర్పింది. ప్రతి అన్నా, ప్రతి తమ్ముడూ చూడాల!"

ఇంకా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, గంగ చేను ఏమైంది?" అని అడిగాను.

దర్శకుడు పక్కవాడి వైపు వంగాడు. "ఏ చేను?"

పక్కవాడికీ తెలియలేదు. సభలోకి చూశాను. కాఫీ ఎన్ని రోజులు నడిచిందో చెప్పగల ఆడవాళ్లు, పాము రంగు చెప్పగల మగవాళ్లు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "చేనేందప్పా? గంగకు చేను యాడుంది?" అన్నాడు ముందు వరసలో ఒక పెద్దమనిషి. వెంకటేశ్వర్లు మైకు దగ్గరికి వచ్చాడు. "మా బావ. అక్క పోయినప్పట్నుంచి మనిషి ఇట్లయినాడు," అన్నాడు. అందరూ అయ్యో అన్నారు. నాకు కూల్‌డ్రింకు ఇచ్చి కూర్చోబెట్టారు.

మొదటి వారం గుర్తున్నది ఒక్క మనిషికే. ఆమె లేదు.

సీరియల్ ఒకరోజు ఆగిపోయింది. ఆ వేళకు వేరే దేశపు సీరియల్ తెలుగు మాటలతో వేస్తారని ప్రకటన వచ్చింది కాబట్టి, తొందరగా ముగించారు. సన్మానంలో నేనడిగింది ఎవరో చెవిన వేసుకున్నట్టుంది. చివరి రోజు గంగ ఉన్నట్టుండి అన్న ఇంటికి పోయింది. తొక్కనన్న గడప తొక్కింది. అన్న ఏడ్చాడు. గంగ ఉంగరాల చేతులతో అన్న కన్నీళ్లు తుడిచి, "నాకు చేనెందుకన్నా? నువ్వు చల్లగా ఉంటే అదే నాకు పసుపు కుంకుమ," అంది. శుభం అని పడింది.

మా వీధంతా ఏడ్చింది. వెంకటేశ్వర్లు ఏడ్చినంతగా ఎవరూ ఏడ్వలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "బావా, ఎంత గొప్పగా జేసినారు! అక్క వుంటే ఎంత సంతోషపడేదో!"

ఆ ఏటి సంవత్సరీకానికి అందరికంటే ముందే వచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత శనగల మూట తెచ్చాడు. విస్తరి వేశాము. కాకి వచ్చి అదే గోడ మీద కూర్చుంది. వెంకటేశ్వర్లు చేతులు జోడించి కథంతా చెప్పాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్న మనిషి గొంతుతో చెప్పాడు. "గంగ చేను అన్నకే ఇడిసిపెట్టినాది అక్కా! నాకొద్దు అన్నాది! నవ్వుకుంటా అన్నాది!"

కాకి ముట్టలేదు.

"ఇంగేమన్నా మాటియ్యి నాయనా," అన్నాడు అయ్యవారు.

వెంకటేశ్వర్లు ఆలోచించాడు. "అక్కా, సోమవారం నుంచి కొత్త సీరియల్ వస్తాంది. అది ఇంకా బాగుంటాదంట. అదీ నేను జూసి జెప్తా!"

కాకి లేచి శిరివెళ్ల వైపు పోయింది. మళ్లీ రాలేదు.

కాకి రాకపోతే ఆవుకు పెట్టవచ్చని అయ్యవారు చెప్పాడు. ఆవుకు పెట్టాము. అది అందరివీ తింటుంది. సెల్‌ఫోన్ టవర్లు వచ్చాక కాకులకు బుద్ధి చెడిందని వెంకటేశ్వర్లు బంధువులకు వివరించాడు. వాళ్లు తలలూపారు. వాడి శనగల మూట వాడి ట్రాక్టర్లోనే తిరిగి వేయించాను.

ఆ చేను కోయిలకుంట్ల దారిలో, రోడ్డు మీంచి కనిపిస్తుంది. ఈ ఏడు శనగ బాగా కాసింది. గంగ చేను వదిలేసిన రాత్రి మీరు కూడా టీవీ ముందు ముక్కు చీదుకున్నారని నాకు తెలుసు. మీ అక్కాచెల్లెళ్ల చేను ఎవరు దున్నుతున్నారో నేను అడగను. అడిగితే మీరూ ఎండ ఎక్కువగా ఉందంటారు.

ఇది మొదటిసారి చెప్పాను, చివరిసారి కూడా. దీని గురించి ఇకమీదట ఎవరూ నా నోట ఒక్క మాట వినరు. టీవీ షబ్బీర్‌కు ఇచ్చేశాను. పీట మాత్రం ఇవ్వలేదు. ఎందుకని అడగవద్దు.