కడప కాడనే ఉండాం

ఆ శుక్రవారం ఉదయానికి హనుమేష్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరింటికి కర్నూలు పక్కన కల్లూరులో ఇల్లు కడుతున్న స్థలానికి చేరాలి. ఏడింటికి వాకిలి చట్రం రావాలి. ఏడూ నలభైకి పురోహితుడు మంత్రం చదువుతుండగా కడప పెట్టాలి. తొమ్మిదింటికి అందరూ ఉగ్గాని, బజ్జీ తినాలి. కడప అంటే గడపే. పుస్తకాల్లో గడప అని రాస్తారు గానీ హనుమేష్ ఇంట్లో తాతల నాటి నుంచీ కడప అనే అంటున్నారు. అందువల్ల ఆ రోజు దాకా ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

హనుమేష్‌కు కర్నూలులో చిన్న ఎరువుల దుకాణం ఉంది. ఇంటిని గుత్తకివ్వకుండా దగ్గరుండి కట్టించుకుంటానని అతను అన్నప్పుడు, బావమరిది శివశంకర్ నవ్వి, అది నీ వల్ల అయ్యే పని కాదు బావా అన్నాడు. ఆ నవ్వు హనుమేష్‌కు చురుక్కుమని తగిలింది. నాటి నుంచీ దుకాణంలో బేరం లేనప్పుడల్లా ఇల్లు కట్టేవాళ్ళకు సలహాలు చెప్పే వీడియోలు చూశాడు. ఇసుకను జల్లెడ పట్టించాడు, ఇటుకను నీళ్ళలో నానబెట్టి చూశాడు, పునాదికి రెండుపూటలా తానే నీళ్ళు కొట్టాడు. అన్ని సలహాల్లోకీ అతనికి బాగా నచ్చింది ఒకటి: పనివాళ్ళకు ఏదీ నోటిమాటగా చెప్పకూడదు, రాసి పంపాలి.

చట్రాన్ని నంద్యాలలో వీరభద్ర అనే వడ్రంగి వేపచెక్కతో చేశాడు. దాన్ని తేవాల్సిన లగేజీ ఆటో డ్రైవరు శివన్నకు హనుమేష్ ముందురోజే రాసి పంపాడు. రాత కదా అని కాస్త గంభీరంగానే రాశాడు: "చట్రము రేపు ఉదయము ఏడు గంటలకు కడప యొద్దకు చేరవలెను. రాగానే ఫోను చేయవలెను." నోటితో చెప్పి ఉంటే కల్లూరికి తీసుకురాప్పా అనేవాడు. శివన్న వారానికి రెండుసార్లు కడపకు బాడుగ తోలే మనిషి. నంద్యాల నుంచి కర్నూలు ఒక దిక్కు, కడప ఇంకో దిక్కు. శివన్న సందేశాన్ని రెండుసార్లు చదువుకుని తెల్లవారుజామునే తనకు తెలిసిన దిక్కుకు బయలుదేరాడు.

ఏడుంపావైనా ఆటో రాలేదు. మర్నాటి నుంచి మూఢం, రెండున్నర నెలలు. ఈ ముహూర్తం తప్పితే అన్నాళ్ళూ కడప పెట్టడానికి లేదు. కడప లేనిదే గోడ లేవదు. గోడ లేవకుంటే మేస్త్రీ కంబన్న మనుషుల్ని తీసుకుని ఇంకో పనికి పోతాడు. దీపావళికల్లా అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటివాళ్ళకు మాట కూడా ఇచ్చేశారు. ఇవన్నీ చాలనట్టు శివశంకర్ కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"సార్, కడపకొచ్చినా. ఇల్లు యాడ?"

"మేమూ కడప కాడనే ఉండాం. పెట్రోలు బంకు దాటి ఎడమకు తిరుగు. కొత్త ఇండ్ల మధ్యలో షామియానా ఉండాది, మామిడాకులు కట్టినాం. మంత్రాలు చెప్పే సామి కూర్చొని ఉండాడు చూడు."

రెండు నిమిషాలకు శివన్న మళ్ళీ పలికాడు. "కనపడినాది సార్. సామి గూడా ఉండాడు."

హనుమేష్ రోడ్డు వైపు చూశాడు. రెండు గేదెలు తప్ప ఏమీ రావడం లేదు. శివశంకర్‌ను బండి మీద పంపితే వీధులన్నీ తిరిగి వచ్చి ఆటో లేదు, గీటో లేదన్నాడు. ఏడూ ముప్ఫై ఐదుకు హనుమేషే ఫోన్ చేశాడు.

"దించేసినాం సార్. మేస్త్రీ తీసుకున్యాడు, నిలబెడతాండారు."

మేస్త్రీ కంబన్న ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు యాడుండావప్పా?"

"కడపలో సార్."

"కడప కాడ నేనుండా గదప్పా."

"ఊరు కడప, సార్."

అంత మంచి ముహూర్తం ఒక్క హనుమేష్ కోసమే పుట్టదు కదా. ఆ పూట కడప పట్టణంలోనూ ఒక పెట్రోలు బంకు దాటాక ఎడమ పక్కన ఓబులేసు అనే ఆసామి షామియానా వేసి, సామిని కూర్చోబెట్టి, రాని చట్రం కోసం కన్నీళ్ళతో ఎదురుచూస్తున్నాడు. ఆటో ఆగగానే తన చట్రమే వచ్చిందనుకుని ఎదురెళ్ళి దింపించుకున్నాడు. శివన్న ఫోన్ ఇప్పుడు ఆయన చేతిలోకి మారింది. హనుమేష్ మొదట బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు. ఓబులేసు అంతా ఓపికగా విన్నాడు.

"మా అమ్మ పసుపు గూడా పూసేసినాదన్నా. ముహూర్తానికి నిలబెట్టిన కడపను పెరికితే ఇల్లు నిలుస్తాదా, నువ్వే చెప్పు."

హనుమేష్ అయినా ఆ మాటే అనేవాడు. అంతలో ఓబులేసు చట్రం కూడా అక్కడికి వచ్చింది. టేకుది, కొలతలు అవే. దాన్నే పంపిస్తానన్నాడు ఆయన. మధ్యాహ్నం దాకా తనకు వేరే పని లేదని గుర్తు తెచ్చుకున్న పురోహితుడు వేళ్ళు లెక్కపెట్టి, పన్నెండింటికి అభిజిత్తు ఉందనీ, అది అన్ని దోషాలనూ కొట్టేస్తుందనీ చెప్పాడు. ఆ నాలుగు గంటలూ హనుమేష్ ఉగ్గాని ముట్టలేదు. శివశంకర్ రెండుసార్లు తిన్నాడు.

పన్నెండూ ఐదుకు ఆటో వచ్చింది. గోనెపట్టాలు విప్పే తీరిక కూడా లేదు. కింది భాగం మాత్రం విప్పి, పసుపు కుంకుమలు పెట్టి, పన్నెండూ పదికి నిలబెట్టేశారు. కొబ్బరికాయ పగిలింది. హనుమేష్ భార్య మహాదేవి కళ్ళు తుడుచుకుంది. వేపచెక్క పోయి టేకు వచ్చిందని శివశంకర్ అంతటివాడు బావను మెచ్చుకున్నాడు. హనుమేష్‌కు పట్టలేనంత సంతోషమైంది. అప్పుడు కంబన్న నిచ్చెనెక్కి పైపట్టా లాగాడు. చట్రం నెత్తిన, రెండు కమలాల మధ్య, బెత్తెడు అక్షరాలు చెక్కి ఉన్నాయి: నాగలక్ష్మమ్మ నిలయం.

అది ఓబులేసు తల్లి పేరు. కంబన్న ఉలి తెమ్మంటారా అని అడిగాడు. నిలబెట్టిన చట్రం మీద ఉలి పెడితే తన పూచీ లేదని పురోహితుడు చెప్పులేసుకున్నాడు. అందరూ మహాదేవి వైపు చూశారు. ఆమె తలెత్తి ఆ అక్షరాలను చదువుకుని, పసుపు గిన్నె తీసుకుని కడప ముందు కూర్చుంది.

దీపావళికి ముందే గృహప్రవేశమైంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ వాకిట్లోనే ఆగి, ఈ నాగలక్ష్మమ్మ మీకేమవుతుందని అడుగుతారు. కడప తరపు చుట్టమని మహాదేవి చెబుతుంది.