మా బడి మ్యాగజైన్‌లో హంసలు

బొమ్మలు గీసే పిల్లలుంటే బడికి మంచిది కాదు. తెలుగు మాస్టారు అనవలసిన మాటేనా ఇది అని మీకు కోపం రావచ్చు. రానివ్వండి. తగ్గాక ఆలోచించండి.

కథ రాసే పిల్లవాడితో బాధ లేదు. చివర నీతి పెట్టమంటే పెడతాడు. కవిత రాసే పిల్ల అమ్మనూ చెట్టునూ దాటి పోదు. బొమ్మ గీసే పిల్ల అలా కాదే! అది కళ్ళు తెరుచుకుని గీస్తుంది. బడిలో కళ్ళు తెరిస్తే ఎంత ప్రమాదమో బడిలో పనిచేసేవాళ్ళకే తెలుసు.

అందుకే కంప్యూటర్ తనంతట తానే గీసే బొమ్మ మనకు దొరికిన వరమని నా వాదన. నమ్మకపోతే మా బడి సంగతి వినండి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో రోడ్డు పక్కనే ఉంటుంది మా హైస్కూలు. ఏటా పిల్లల మ్యాగజైన్ వేస్తాం. ఎడిటర్ని నేను. అంటే పని నాది, భయం హెడ్మాస్టరు శ్రీపాదరావు గారిది.

ఈసారి ‘మా బడి’ అనే వ్యాసానికి బొమ్మ వేయమని తొమ్మిదో తరగతి ముస్రత్‌కు చెప్పాను. వేసి తెచ్చింది. ఆడపిల్లల మరుగుదొడ్డి. దానికి తలుపు లేదు. గుమ్మానికి అడ్డంగా ఇద్దరమ్మాయిలు చున్నీ పట్టుకుని, ఇటు తిరిగి నిలబడ్డారు. అందులో ఒకమ్మాయి రెండో చేత్తో సోషల్ పుస్తకం పట్టుకుని చదువుకుంటోంది. పరీక్షల రోజులు మరి.

శ్రీపాదరావు గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. బొమ్మ మారలేదు.

“ఇదేందమ్మా, బడి గీయమంటే ఇది గీసినావు?”

“ఇది బడిలోదే కదా సార్.”

“ఇంకేమీ కనపడలేదా నీకు? జెండా ఉంది, స్టేజీ ఉంది.”

“స్టేజీతో మాకేం పని పడదు సార్. దీంతోనే పడతాది. ఈడికి రావాల్సి వస్తుందని మేం నీళ్ళు తాగేదే మానుకున్నాము. మొన్న ప్రేయర్లో రుక్సానా కండ్లు తిరిగి పడిపోయింది అందుకే సార్.”

శ్రీపాదరావు గారు చెడ్డవారు కాదు. తలుపు ఊడిపోయినప్పటి నుంచి పైవాళ్ళను అడుగుతూనే ఉన్నారు. కానీ తలుపు ఇవ్వండని అడగడం వేరు, తలుపు లేదని అచ్చువేయడం వేరు. మొదటిది వినయం. రెండోది ట్రాన్స్‌ఫర్.

ముస్రత్ బొమ్మ నా బల్ల సొరుగులోకి వెళ్ళింది. లెక్కల మాస్టారు మధు జేబులోంచి ఫోను బయటికి వచ్చింది.

“అందమైన ప్రభుత్వ పాఠశాల అని చెప్పినా సార్. అదే గీస్తాంది, చూడండి.”

గీసింది! ఎర్ర పెంకుల భవనం. పచ్చిక. నడుమ కొలను. కొలనులో హంసలు. వెనక మంచుకొండలు. కొళాయిలో చుక్క రాని బడిలో హంసలు ఈదుతున్నాయంటే ఎవరి గొప్పతనం? ముస్రత్ వల్ల అవుతుందా అది? పైగా ఆడపిల్లల మరుగుదొడ్డికి వేరే భవనం, దానికి టేకు తలుపు!

ఆ ఊపులో మిగతా బొమ్మలన్నీ ఫోనుతోనే తీయించాం. దసరా రాత్రి తలలు పగిలే దేవరగట్టు కర్రల సమరం మీద వ్యాసం ఉంది. కంప్యూటర్ అహింసావాది. పట్టుబట్టలు కట్టుకున్న మగవాళ్ళు రంగురంగుల పుల్లలు పట్టుకుని నవ్వుతూ కోలాటం ఆడుతున్నారు. ఒకాయనకు చేతికి ఆరు వేళ్ళు. కర్ర గట్టిగా పట్టుకోవాలంటే ఆ మాత్రం ఉండొద్దా?

పత్తి పంట మీద వ్యాసానికి మామిడిచెట్టంత పత్తిచెట్టు వచ్చింది. అది రాసిన పిల్లవాడి తండ్రి మల్లన్న హొళగుంద రైతు. మ్యాగజైన్ తీసుకుని నేరుగా స్టాఫ్‌రూముకే వచ్చినాడు.

“సార్, ఈ విత్తనం యాడ దొరుకుతాది?”

“అది ఉత్త బొమ్మప్పా.”

“విత్తనాల ప్యాకెట్ మీద కూడా ఉత్త బొమ్మే ఉంటాది సార్. అయినా కొంటాండాము కదా,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇక అసలు లాభం చెబుతాను. మ్యాగజైన్ వచ్చిన వారంలోనే మరమ్మతులకు బళ్ళను ఎంపిక చేసే ఆఫీసరు గారు వచ్చారు. బయట ఎండ మండుతోంది. హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చుని, మజ్జిగ తాగుతూ మ్యాగజైన్ తిరగేశారు.

“భేష్. ఇంత బాగుంటే ఇంక చూసేదేముంది? లేనివాళ్ళకు ఇద్దాం.”

“సార్, అది బొమ్మ సార్,” అన్నారు శ్రీపాదరావు గారు.

“బొమ్మైనా ఉన్నదాన్ని చూసే కదయ్యా గీస్తారు?”

“కొలను లేదు సార్.”

“కొలను లేకపోతే పోనీ. మరుగుదొడ్డికి తలుపు ఉందా లేదా?”

లేదనాలంటే ఆ బొమ్మ కిందే హెడ్మాస్టరు గారి ముందుమాట ఉంది, ఫొటోతో సహా. ‘మా పాఠశాల ప్రగతికి ఈ సంచిక అద్దం’ అని నేనే రాసి పెట్టాను. ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆఫీసరు గారు లేచి కారెక్కారు.

ఆ మరమ్మతులు గోనెగండ్ల వైపు ఒక బడికి వెళ్ళాయి. అదృష్టవంతులు, వాళ్ళకు మ్యాగజైన్ లేదు.

సంగతి పిల్లలకు తెలిసింది. ముస్రత్ ఏడవలేదు, అలగలేదు. సాయంత్రం బడి వదిలాక ఆ గుమ్మం దగ్గర చున్నీ చాచి అటూ ఇటూ కొలుచుకుంటోంది.

“ఏమ్మా, మళ్ళీ బొమ్మా?” అన్నాను.

“లేదు సార్. మా అబ్బాకు కొలత చెప్పాల.”

వాళ్ళ నాన్న రసూల్ సాబ్ ఆదోనిలో రేకు పెట్టెలు చేస్తాడు. ఆదివారం రేకు తలుపొకటి మోటారు సైకిల్‌కు అడ్డంగా కట్టుకుని వచ్చాడు. కాలంచెల్లిన పెట్టెల మూతలు కలిపి చేసినట్టుంది, ఒక మూల ఇంకా గులాబీపువ్వు డిజైను కనబడుతోంది. బిగించాడు. లోపలివైపు గడియ అమర్చాడు. తానే ఒకసారి లాగి చూసి, “గట్టిగుంది, లాగినా రాదు,” అని వెళ్ళిపోయాడు. ముఖ్య అతిథి లేడు, రిబ్బను లేదు. ఫొటో అయినా తీయలేదు మేము.

సోమవారం మధ్యాహ్నం ఆడపిల్లలు నీళ్ళ సీసాలు నింపుకోవడానికి బడి బయట బోరింగు దగ్గర వరస కట్టారు. బడి లోపల కొళాయి ఉంది గానీ, అది తిప్పితే ఈలపాట తప్ప మరొకటి రాదు. వరసలో రుక్సానా ముందుంది.

శ్రీపాదరావు గారు కిటికీలోంచి ఆ వరసనే చాలాసేపు చూశారు. తర్వాత ముస్రత్‌ను పిలిపించారు. నన్నూ ఉండమన్నారు. వచ్చే ఏటి సంచిక గురించి అనుకున్నాను. అదే.

“అమ్మా, వచ్చే తూరి మ్యాగజైన్‌కు బొమ్మలన్నీ నువ్వే వేయాల. ముందు ఆ కొళాయి గీయి. ఎండిపోయింది ఎండిపోయినట్టే గీయి. నేనేమీ అనను.”

ముస్రత్ ఆయన ముఖంలోకి అనుమానంగా చూసింది.

“గీస్తాను సార్. కానీ ముందే చెప్తాండాను. తలుపంటే మా అబ్బా చేసినాడు. నీళ్ళు చేసేది ఆయనకు రాదు.”