గణపతిగారి ‘ఎందుకు’ జబ్బు నయమైన వైనం

అండమాన్‌లోని ఫెరార్గంజ్ వాస్తవ్యులు గణపతిగారికి జబ్బు పూర్తిగా నయమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. జబ్బు పేరు ‘ఎందుకు’.

మనిషి బంగారం. కొబ్బరికాయల వ్యాపారం, బీపీ లేదు, షుగరు లేదు. ఓడ టికెట్ల కిటికీ ముందు నిలబడితే మాత్రం లక్షణాలు బయటపడేవి.

మా పద్ధతి ఎరగనివారికి చెప్పాలి. విశాఖ ఓడకి టికెట్లిస్తారంటే మేము పొద్దున్నే లైనులో చెప్పులు పెట్టి టీకి పోతాం. పదింటికి తియ్యాల్సిన కిటికీ పన్నెండైనా తియ్యకపోతే చెప్పులు ఏమీ అనవు. మేమూ అనం. గణపతిగారొక్కరే తలుపు తట్టి, “క్యోం భయ్యా, పది దాటిపోనాది కదా, ఎందుకు తియ్యలేదు?” అని అడిగేవారు. లోపల గుమాస్తా గణేశ్వరరావుగారు ఉలిక్కిపడి కిటికీ తీసేవారు. లైనంతా టికెట్లు కొనుక్కుని, ఈ మనిషి ఊరి పరువు తీసేస్తున్నాడని నొచ్చుకుంటూ ఇళ్ళకి పోయేది.

చివరికి పెద్దలం కలిసి అర్జీ పెట్టాం. మూడు నెలల వైద్య శిబిరానికి వచ్చిన డాక్టర్ రాజ్‌కిరణ్ గారు ప్రవర్తన చికిత్స చేస్తామన్నారు. మందులుండవు. మంచి ప్రవర్తనకి బహుమానం, చెడు ప్రవర్తనకి మౌనం, అంతే. ఈయన అడగడం వల్ల ఎవరికైనా నష్టమా అని పాపం డాక్టరుగారు ఒకసారి ఆరా తీశారు. మేమంతా మౌనం వహించాం. చికిత్స ఎంత బాగా పనిచేస్తుందో అప్పుడే తెలిసింది, ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంట్లో అమలు బాధ్యత భార్య కాశమ్మగారిది. ‘ఎందుకు’ అనని రోజున క్యాలెండరు మీద ఒక చుక్క. మూడు చుక్కలకి చేపల పులుసు. అడిగిన రోజు ఉత్త చారు. మొదటి వారమంతా చారే. నోటిదాకా వస్తే పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు డాక్టరుగారు. రెండో నెలకి గణపతిగారు కరెంటు పోతే చిరునవ్వు నవ్వడం మొదలుపెట్టారు. మూడో నెలలో సన్మానం చేశాం. శాలువా కప్పుతూ గణేశ్వరరావుగారు గద్గద స్వరంతో, “ప్రజలందరూ ఇలాగే నయమైతే మా శాఖ ఇంకెంత సేవ చేయగలదో!” అన్నారు. చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం.

ఆ వారంలోనే గణపతిగారి కూతురు ధరణికి విశాఖలో నర్సింగు సీటు వచ్చింది. ఇరవయ్యో తేదీలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆలోగా వెళ్ళే ఓడ ఒక్కటే, దానికి టికెట్లిచ్చేది ఒక్కరోజే, అదీ ఒంటిగంట వరకే. ఆ రోజు లైనులో ధరణి చెప్పులున్నాయి, నావీ ఉన్నాయి, శిబిరం ముగించుకున్న డాక్టరుగారి బూట్లూ ఉన్నాయి.

పది అయింది, పదకొండయింది, పన్నెండూ అయింది. లైనంతా గణపతిగారి వైపు చూసింది. ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు.

కాశమ్మగారు దగ్గరికొచ్చి, “ఏవండీ, ఒక్కసారి అడగండి. పిల్ల సీటు పోతాది. వారం రోజులు పులుసే పెడతాను,” అన్నారు.

“అడగాలనే ఉంది కాశమ్మా,” అన్నారాయన. “నోరు రావట్లేదు.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు.

డాక్టరుగారు గడియారం చూసుకుని, అసలెందుకు తియ్యలేదో అని గొణిగారు. గణపతిగారు ఆయన వీపు నిమిరి, పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు.

వాళ్ళు మూడు దగ్గర ఉండగా ధరణి వట్టికాళ్ళతో వెళ్ళి కిటికీ మీద దబదబా బాదింది. “భయ్యా, బారా బజ్ గయా. ఎందుకు తియ్యలేదు?”

కిటికీ తెరుచుకుంది.

ధరణికి టికెట్ దొరికింది. ఆమె వెనక మా అందరికీ దొరికాయి. నాకైతే కింది బెర్తే వచ్చింది. టికెట్లు జేబుల్లో భద్రపరుచుకున్నాక మేము చాలా బాధపడ్డాం. ఈ జబ్బు వంశపారంపర్యమని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచనే లేదు. చిన్నపిల్ల, ముదరకముందే నయం చేయించాలి. ఆమె చేరబోయే కాలేజీకి అక్కడికక్కడే అర్జీ రాశాం.

మొదటి సంతకం గణేశ్వరరావుగారిది, రెండోది నాది. మూడో గీత ఖాళీగా ఉంది. మీరూ ఎప్పుడో ఒకప్పుడు లైనులో చెప్పులు పెట్టినవారే కదా, కలం ఇదిగో.