నలుపు తెలుపులో ఐదు ఫొటోలు

ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకి సందు చివర అద్దెకు తీసుకున్న గది షట్టరు ఎత్తాలి, అంతే. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, కర్టెన్లు కొలిచే పొడుగు టేబులు నిన్ననే అక్కడికి చేరిపోయాయి. ఇన్నేళ్లూ ఇంట్లో ఓ మూల కూర్చుని వీధిలో అందరి జిప్పులూ మార్చిన ఆవిడకి ఇవాళ్టి నుంచి సొంత షాపు. కావలసిందల్లా ఆ సమయానికి గుమ్మం ముందు నలుగురు మనుషులు.

ఆ నలుగురే దొరకడం లేదు. అన్నయ్యకి సెలవు దొరకదట. పిన్నికి మోకాళ్లు. మిగతావాళ్లు "చూద్దాంలే" అన్నారు. ఆ "చూద్దాంలే"కి అర్థం ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. ఖాళీ సందులో తనొక్కతే షట్టరు ఎత్తుకోవడం తలుచుకుని తలుచుకుని ఆవిడ ముందే సగం చిక్కిపోయింది.

"ఏమండీ, నా ఫోన్లోంచి మనవాళ్ల గ్రూపులో ఇంకోసారి గుర్తు చెయ్యండి. షాపు, టైము, అడ్రసు. రెండు లైన్లు చాలు" అంది, చేతిలోని కర్టెన్ అంచు వదలకుండా.

అడగకూడని మనిషిని అడిగింది. చుట్టాలంతా ఆయన్ని యాంగిల్ బాబాయి అంటారు. ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా నేల మీద బోర్లా పడుకుని ఫొటోలు తీసే మనిషి. ఈ మధ్య ఆదివారాలు ఒక రిటైరైన స్టూడియో మాస్టారి దగ్గర క్లాసుకి కూడా వెళ్తున్నాడు. కథని ఫొటోయే చెప్పాలి, కింద మాట రాశామంటే ఫొటో మూగదని మనమే ఒప్పుకున్నట్టు. ఇది ఆ మాస్టారి సిద్ధాంతం. ఇప్పుడది ఈ ఇంటి సిద్ధాంతం కూడా.

"రెండు లైన్లెందుకు? ఐదు ఫొటోల్లో చెప్తా. చూసినవాళ్లు కదిలిపోవాలి."

"కదిలిపోవక్కర్లేదు. కదిలొస్తే చాలు. రాయండి."

ఆయన అప్పటికే ఆవిడ ఫోను పట్టుకుని పని మొదలెట్టేశాడు. చప్పుడైతే మనుషులు పోజులిస్తారని బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టాడు. అవి బాగా కుదిరాయనిపించి ముందు వాటినే తీశాడు. ఫోనుకి అడ్డొస్తోందని కళ్లజోడు తీసి తన కుర్చీలో, పేపరు మీద పెట్టాడు. అదొక ఫొటో. ముట్టకుండా చల్లారిపోయిన తన టీ కప్పు ఒకటి. మిషను పోయాక నేల మీద మిగిలిన నాలుగు మరకలు ఒకటి. చివరిది ఆవిడదే. కిటికీ వైపు తిరిగి, తల వంచి, సూదిలో దారం ఎక్కిస్తోంది. వెనక నుంచి తీశాడు. రంగులుంటే మనసు పక్కకి పోతుందట, అందుకని అన్నిటినీ నలుపు తెలుపు చేసి పంపేశాడు.

"అడ్రసు పెట్టారా?"

"అంతా అందులోనే ఉంది."

"ఏదీ, చదవండి."

"చదవడానికేం లేదు. చూడ్డానికే."

ఆవిడ అప్పటికే నోట్లో గుండుసూదులు పెట్టేసుకుంది. లేకపోతే కథ ఇక్కడే అయిపోయేది.

కాసేపటికి ఆయనే ఫోను ఊపుకుంటూ వచ్చాడు. "చూశావా, ఒక్క ముక్క రాయలేదు, మీ అన్నయ్యకి అర్థమైపోయింది. ఎన్నింటికని అడిగాడు. పదింటికి, ముందు ఇంటికి రండి, అందరం కలిసి వెళ్దాం అని జవాబు పెట్టా. మీ పిన్ని కూడా బయల్దేరిందట."

ఆవిడ సూదులు తీసి పక్కన పెట్టింది. పోనీలే, ఈ మనిషి పిచ్చి కూడా ఒకందుకు పనికొచ్చింది అనుకుంది. ఆయన ఫోను జేబులో వేసుకుని, షట్టరు మీద వెలుతురు ఎలా పడుతుందో చూడాలంటూ వెనక గుమ్మంలోంచి వట్టి కాళ్లతో వెళ్లిపోయాడు.

పదికి ఇంకా చాలా ఉండగానే అన్నయ్య వచ్చాడు. వెనకే పిన్ని, ఆ వెనక హాలు నిండా జనం. పిన్ని లోపలికొస్తూనే ఆవిడని గట్టిగా పట్టుకుంది.

"ధైర్యంగా ఉండమ్మా. మేమంతా లేమూ?" అన్నాడు అన్నయ్య.

"ధైర్యంగానే ఉన్నా అన్నయ్యా. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత అదే అలవాటవుతుంది."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "ఎంత గుండె నిబ్బరమే నీది."

"ఏం నిబ్బరం పిన్నీ, ఎన్నాళ్ల నుంచో ఈ రోజు కోసమే చూస్తున్నా."

పిన్ని పట్టు వదిలేసి ఒకడుగు వెనక్కి వేసింది. అన్నయ్య గొంతు సవరించుకుని, "బావ ఎక్కడ?" అన్నాడు మెల్లిగా.

"ముందే వెళ్లిపోయారు. ఎప్పుడూ అంతే కదా, ఒక్క పనీ పూర్తి చెయ్యరు. పోనీండి, ఇవాళ కాళ్లకి అడ్డం పడకుండా ఉన్నారు, అదే పదివేలు."

అన్నయ్య వెళ్లి ఆ ఖాళీ కుర్చీ ముందు తల దించుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు వెనక గది గుమ్మంలోంచి, నేలకి దగ్గరగా ఒక గొంతు వినిపించింది.

"ఎవరూ కదలకండి. ఈ లైటు మళ్లీ రాదు."

పిన్ని ఆ కుర్చీలోనే కూలబడింది. కళ్లజోడు పటుక్కుమంది. అన్నయ్య అదిరిపడి వెనక్కి దూకడంలో అతని ప్యాంటు వెనక పర్రున చిరిగింది.

"నువ్వు బతికే ఉన్నావా బావా?" ఆ అడగడంలో సంతోషం కన్నా ఫిర్యాదే ఎక్కువ వినిపించింది. "నేను సెలవు పెట్టి వచ్చాను."

"ఉండక ఏమవుతాను? షాపు గురించి అంత చక్కగా పెడితేను."

"షాపు ఎక్కడుంది ఇందులో? బూట్లు, కళ్లజోడు, ఏడుస్తున్న మా చెల్లెలు."

ఆవిడ చెయ్యి చాపి ఫోను తీసుకుని ఐదు ఫొటోలూ వరసగా చూసింది. ఆయన్నొకసారి చూసింది. తిట్టడానికి మాటలు చాలా ఉన్నాయి కానీ గోడగడియారంలో టైము లేదు. హాలు వైపు తిరిగింది. సెలవు దొరకని అన్నయ్య ఉన్నాడు. మోకాళ్ల పిన్ని ఉంది. "చూద్దాంలే" వాళ్లంతా ఉన్నారు.

"ఈయన పోతే రావడానికి తీరిందన్నమాట అందరికీ. ఎలాగూ వచ్చారు, పదండి."

పది గంటలకి సందు నిండిపోయి ఉండగా షట్టరు లేచింది. మొదటి బేరం అన్నయ్య ప్యాంటు. అది అయ్యేదాకా అతను ఒక కర్టెన్ గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. గుడ్డ నచ్చి దాన్నే తన కిటికీకి కుట్టమన్నాడు.

గ్రూపు ఫొటో మాత్రం యాంగిల్ బాబాయే తీశాడు. అందరి కళ్లూ ఎర్రగా వాచి ఉన్నాయి కాబట్టి నలుపు తెలుపే మేలన్నాడు, తీసి గ్రూపులో పెట్టేశాడు. నిమిషంలో దూరాన ఉండే పెద్దనాన్నగారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "అందరూ వెళ్లారు, నేనే రాలేకపోయాను. మంచి మనిషి. రేపు అందరం వస్తున్నాం."

"అయ్యో, ఫొటోలో నేను లేను కదూ. ఉండు, ఈసారి కింద రాసేస్తాను" అన్నాడాయన కంగారుగా.

ఆవిడ ఫోను లాక్కుని మిషను సొరుగులో పడేసింది.

"ఏం రాయకండి. పెద్దనాన్నగారింట్లో కిటికీలు చాలా ఉన్నాయి."