కోడిదొంగ వారి ఎర్మెలిందా

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదు. లోకంలో ఇంటిపేరు ఉన్నది మనిషిని గుర్తుపట్టడానికి. మా దీవిలో బిసాతో అన్న ఇంటిపేరు ఉన్నది ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకుండా ఉండటానికి. చర్చి ముందు నిలబడి "బిసాతో!" అని కేకేస్తే పాదిరీ గారితో సహా ఊరంతా వెనక్కి తిరుగుతుంది. (కుక్కలు తిరగవు. వాటికి వేరే పేర్లున్నాయి.)

బిసాతో అంటే మా భాషలో పాముచేప. అయినా ఈ పేరు పాముచేపలు అమ్ముకునేవాళ్ల నుంచి వచ్చిందని ఒక్కరూ ఒప్పుకోరు. వెనీస్ ఓడలో జెండా పట్టిన మహావీరుడి నుంచి వచ్చిందని మా ఎర్మెలిందా చెప్పేది. పక్కింట్లోనూ ఒక వీరుడున్నాడు, ఎదురింట్లోనూ ఉన్నాడు. మరి చేపలు పట్టిందెవరో తెలియదు.

ఎర్మెలిందాకు కళ్లలో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్‌కు పిలుపు వచ్చింది గానీ, ఆసుపత్రివాళ్లు ఇంకో ఎర్మెలిందా బిసాతోను లోపలికి తీసుకుపోయారు. (కొడుకులందరూ మొదటి ఆడపిల్లకు తమ తల్లి పేరే పెట్టాలి మా దగ్గర, లేకపోతే ఆ తల్లి ఊరుకోదు.) ఆవిడ వచ్చింది మోకాలి నొప్పికి. నొప్పి అలాగే ఉంది, మోకాలు మాత్రం ఇప్పుడు చక్కగా కనిపిస్తోందట.

ఇక్కడ ఎర్మెలిందా పరిస్థితి విషమించింది. అత్తగారి సంకటి వండే రాగి గుండిగ కోసం ఆడపడుచు జోర్దానాతో ఏళ్ల తరబడి మాటల్లేవు. అలాంటిది పడవల రేవులో పోల్చుకోలేక ఆమెను నవ్వుతూ పలకరించేసింది! అంత పగా నీళ్లపాలైంది.

అందుకని పురపాలకులు అడ్డపేర్ల కార్యాలయం తెరిచారు. ప్రతి బిసాతో తన ఇంటిని ఊరు నిజంగా పిలిచే పేరు నమోదు చేయించుకోవాలి, బంధువు కానివారు సాక్ష్యం చెప్పాలి. దీవిలో బంధువు కానివారు లేరు. కాబట్టి, మాటల్లేని బంధువులను బంధువులుగా లెక్కించరాదని సవరణ వచ్చింది.

"జెండావీరుడి వారని రాసుకో నాయనా," అంది ఎర్మెలిందా, అధికారి పాసెరినితో.

"ఆవిడతో నాకు మాటల్లేవు, మీతో చెబుతున్నా," అంది సాక్షి జోర్దానా. "మొన్న పలకరించింది, నేను పలకలేదు. ఆవిడ పుట్టింటివాళ్లది కోడిదొంగ వారిల్లు. వాళ్ల తాత పాదిరీ గారి పెట్టను కోటులో దాచుకుని క్రిస్మస్ పూజకొచ్చాడు. అందరూ మోకాళ్ల మీద ఉండగా అది కొక్కొక్కో అంది. గుడ్డు కూడా పెట్టింది."

"ఓసి నీ నోరు పడ! గుడ్డు పెట్టలేదు! అది మీవాళ్లు తర్వాత అతికించింది!"

పాసెరిని కలం తీశాడు. "అంటే కోడి సంగతి ఖరారు."

"వేరే పేరే లేదా నాయనా?"

"అమ్మా, కళ్లు కావాలా, వీరుడు కావాలా?"

ఎర్మెలిందా రేవులో నవ్విన నవ్వు తలుచుకుంది. "రాయి," అంది. "గుడ్డు లేదని కూడా రాయి."

ఆసుపత్రిలో ఆరోజు ఇసకేస్తే రాలని జనం. నర్సు గొంతెత్తి పిలిచింది: "బిసాతో ఎర్మెలిందా, కోడిదొంగ వారు!"

నలుగురు లేచారు. అందరూ ఆ తాత మనవరాళ్లే, అందరికీ నాయనమ్మ పేరే. మోకాలామె కూడా లేచింది.

నర్సు కాగితం మళ్లీ చూసింది. "గుడ్డు లేనివారు."

ముగ్గురు కూర్చున్నారు. వాళ్లు గుడ్డు ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

కళ్లు బాగుపడ్డాయి. దీవికి తిరిగొస్తూ ఎర్మెలిందా, పడవ ఇంకా రేవు చేరకముందే జోర్దానాను గుర్తుపట్టి, హాయిగా మొహం తిప్పుకుంది.

ఈ సంగతి గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. ఎవరు చెప్పారని అడిగితే నా ఇంటిపేరు ధైర్యంగా చెప్పేయండి. ఆ పేరుతో ఇంతవరకూ ఎవరూ దొరకలేదు.