ఒకే గడి

మానవజాతి ఆకలిని శాశ్వతంగా జయించిందని ప్రకటించడానికి నాకు సంకోచం లేదు. అందుకు కావలసిన విత్తనాలన్నీ మా ఊరి విత్తన వైవిధ్య పరిరక్షణ కార్యాలయం రెండో అంతస్తులో, మూడు తాళాల వెనక, ఎవరికీ అందకుండా భద్రంగా ఉన్నాయి.

మొన్న అక్కడ నా ముందు టోకెన్ ఒక రైతమ్మది. ఎనిమిదేళ్ల కిందట ఆమె తన ఇంటి వడ్లు ఒక డబ్బాడు ఇక్కడ దాచమని ఇచ్చింది. తెల్లవీ, ఎర్రవీ, నల్లవీ కలిసిన వడ్లు. అత్తగారి కాలం నుంచీ అలా కలిపే చల్లేవారట. వాన మొహం చాటేస్తే ఎర్రవి గట్టెక్కిస్తాయి, నీళ్లు నిలిస్తే నల్లవి. ఈ ఏడు వరద ఆమె గాదెను ఊడ్చుకుపోయింది. పొలంలో ఇంకా మోకాలి లోతు నీళ్లు.

"నల్లవి ఒక్క దోసెడు ఇప్పించండి సారూ. మిగతాది నేను పెంచుకుంటా."

పరిరక్షణాధికారి రిజిస్టరు తిరగేశాడు. (పొలం చూసినవాళ్లకు నిష్పక్షపాతం ఉండదని ఆ ఉద్యోగానికి చూడనివాళ్లనే తీసుకుంటారు.)

"మీ డబ్బా భద్రంగా ఉందమ్మా. నల్లవి మాత్రం లేవు."

"నేనిచ్చాను కదయ్యా?"

"ఇచ్చారు. ఫారంలో గింజ రంగుకు ఒకటే గడి. మూడు రంగులు రాస్తే కంప్యూటర్ తీసుకోదు. అందుకని మావాళ్లు వారం రోజులు కూర్చుని ఎర్రవీ నల్లవీ ఏరేశారు. దాన్ని శుద్ధి అంటారు."

(ఆ శుద్ధికే ఆ ఏటి ఉత్తమ వైవిధ్య పురస్కారం వచ్చింది. గోడ మీద ఫోటో ఉంది. అందరివీ ఒకే రంగు చొక్కాలు.)

"ఏరినవి ఏం చేశారు?"

"వెనక కాలవలో పోశాం."

కంచే చేను మేసిందంటారు. ఈ కంచెకు మేయడం కూడా చేతకాదు. నాకు ఒళ్లు మండింది గానీ, నోరు తెరిస్తే నా టోకెన్ పోతుంది. ఆమె మాత్రం గబగబా మెట్లు దిగి కాలవ దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను.

"నల్ల కంకులా అమ్మా?" అన్నాడు వాచ్‌మన్. "ఆ మురుగులోనే ఏటా వాటంతటవే మొలిచేవి. పెద్దసారు తనిఖీకి వస్తున్నారని పోయిన వారం కలుపు మందు కొట్టించారు."

గట్టు పొడుగునా దుబ్బులు మాడిపోయి ఉన్నాయి. ఆమె వంగి ఒక కంకి తుంచి నలిపింది. అన్నీ తాలే.

తిరిగి పైకి వస్తే అధికారి నిజంగానే బాధపడ్డాడు. సొరుగులోంచి ఇంకో ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు. అంతరించిన రకాల నమోదుకట.

అందులో గింజ రంగుకు మూడు గడులున్నాయి.